పురుగుల వాన

కళ్లజోడు ఎక్కడ పెట్టావో వెతుక్కుంటున్న నాన్నకి,

దొరకదులే. ఎప్పట్లాగే నీ కరెంటు షాపులో ఏదో వైరు చుట్ట కింద ఉంటుంది. ఉత్తరం అమ్మ చేతికిచ్చి నువ్వు టీ గ్లాసు పట్టుకుని కూర్చో. అమ్మా, గొంతు సవరించుకుని మొదలుపెట్టు. నడుమ నడుమ నీ సొంత మాటలు కలపకు, నాకు తెలిసిపోతుంది.

నిన్న మధ్యాహ్నం ఈ ఊరు చేరాను. బట్టల డిజైను చదివేవాళ్లు దారం ఎక్కడ పుడుతుందో చూడకపోతే ఎలాగని మా మేడమ్ పట్టుబట్టి, క్లాసులో ఉన్న ముప్పై మందినీ ముప్పై ఇళ్లకి పంచేసింది. పన్నెండు రోజులు ఎవరింట్లో పడేస్తే వాళ్ల పిల్లలా ఉండాలట. మా వాళ్లలో కొందరికి ఆవులున్న ఇళ్లు వచ్చాయి, కొందరికి తోటలున్న ఇళ్లు. నాకేమో పురుగులున్న ఇల్లు. పట్టుపురుగులు! బొద్దింక కనిపిస్తే మంచమెక్కి కూర్చునే నాకు!

ఇంట్లో మూడు గదులుంటే రెండు పురుగులవే. మనుషులు ముగ్గురూ మిగిలిన ఒక్క గదిలో సర్దుకుంటారు, చాలకపోతే వసారాలోకి జరుగుతారు. పురుగుల గదిలో నేలనుంచి కప్పుదాకా అరలు, అరల్లో వెదురు తట్టలు, తట్టల నిండా ఆకు, ఆకు నిండా అవి. చీమలెక్కకుండా అరల కాళ్లన్నీ నీళ్ల గిన్నెల్లో నిలబెట్టారు. ఇంటావిడని పిన్ని, వాళ్లాయన్ని బాబాయ్ అంటున్నాను. నా సంచి కింద పెట్టకముందే ఆవిడ వేళ్లు మడుస్తూ చెప్పింది: "పౌడరొద్దు, సెంటొద్దు, వాసన నూనె వద్దు, ఏ క్రీమూ వద్దు. లోపలికెళ్లే ముందు కాళ్లు ఈ సున్నపు తొట్టిలో, చేతులు ఆ కుళాయి కింద. ఈ ఇంట్లో మర్యాదలన్నీ వాటికేనమ్మా, మనం వాటి పనివాళ్లం."

ఇవాళ తెల్లారేసరికి జోరుగా వాన వినిపించింది. కళ్లు తెరవకుండానే అయ్యో బట్టలు అనుకుంటూ పెరట్లోకి పరిగెత్తాను. దండెం మీద బట్టలు ఎండిపోయి ఉన్నాయి, నేల పొడిగా ఉంది, ఆకాశంలో మబ్బన్నదే లేదు. వాన చప్పుడు మాత్రం ఆగట్లేదు. అరుగు మీద కూర్చున్న తాత, అంటే బాబాయ్ వాళ్ల నాన్న, పొట్ట పట్టుకుని నవ్వాడు. "వాన కాదే పిల్లా, అవి టిఫిన్ చేస్తున్నాయి" అన్నాడు. నిజం నాన్నా! వేలకి వేలు పురుగులు ఆకు కొరుకుతుంటే రేకుల మీద చినుకులు పడుతున్నట్టే ఉంది. అలా గుమ్మంలో నిలబడి విన్నాను. భయం ఎప్పుడు పోయిందో నాకే తెలీదు.

తాత రోజంతా ఆ గదిలో ముక్కాలి పీట మీద కళ్లు మూసుకుని కూర్చుంటాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. ఉన్నట్టుండి "ఎడం పక్క మూడో అరలో ఆకైపోయింది" అంటాడు. వెళ్లి చూస్తే అయిపోయే ఉంటుంది. ఆయన చెవులే ఈ ఇంటికి గడియారం. ఒకప్పుడు ముక్కుపొడుం మనిషట. పొగాకు ఘాటు తగిలితే పురుగులు బతకవని ఆరేళ్ల కింద మానేశాడు. ఇప్పటికీ చెయ్యి ఊరికే ముక్కు దగ్గరికి పోతుంది. పిన్ని చూసి "మావయ్యా, ముక్కు గుర్తుచేస్తోందా?" అని ఏడిపిస్తుంది.

దోమలు మాత్రం రాక్షసులు. నువ్వు సంచిలో పెట్టిన దోమల క్రీము పిన్నికి కనపడకుండా అడుగున దాచాను. పడుకునేముందు రాసుకుని పొద్దున్నే కడిగేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఫోను ఇక్కడ పలకదు. ఉత్తరాలు బాబాయ్ ఆకు కోసం వెళ్తూ పాలకేంద్రం దగ్గరున్న డబ్బాలో వేస్తాడు.

ఉంటాను మరి, ఆకు వేయాలి,
నీ వాగుడుకాయ


నాన్నకి,

ఈసారిది సరదా ఉత్తరం కాదు. అయినా మంచి సంగతి ముందు చెప్పి చెడ్డది తరవాత చెప్తాను, ఒకప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టు.

నాలుగు రోజుల కింద పురుగులన్నీ నిద్రపోయాయి. పొద్దున ఒక తట్ట, మధ్యాహ్నానికి పది తట్టలు, సాయంత్రానికి అన్నీ. ఎవరో పిలుస్తుంటే విందామని ఆగినట్టు తలలు కాస్త పైకెత్తి అలాగే ఉండిపోయాయి. ఇక్కడివాళ్లు దీన్ని జ్వరం అంటారు. కంగారుపడకు, రోగం కాదు. పాత చర్మం బిగుతైపోయి కొత్తది తొడుక్కునేటప్పుడు పడే నిద్ర. పుట్టాక నాలుగుసార్లు పడతాయట, ఇదే ఆఖరిది. ఆకు వేయకూడదు, తట్ట కదపకూడదు. ఇంట్లో వాన ఆగిపోయింది. అందరం గుసగుసల్లోకి దిగాం. గొలుసు చప్పుడవుతుందని బాబాయ్ సైకిల్ని నడిపించకుండా చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వీధిలోకి తీసుకెళ్లాడు.

మధ్యాహ్నం నేను తాత పక్కన గోడకానుకుని కూర్చున్నాను. కిటికీలకి కట్టిన తడి గోనెల్లోంచి వెలుతురు లేతాకుపచ్చగా లోపలికొస్తోంది. గదంతా ఆకు వాసన. "తాతా, వీటికి కలలొస్తాయా?" అని చెవిలో అడిగాను. "రాకేం, ఆకు కలలు." "మరి నీకో?" "నాకు పొడుం కలలు" అని కళ్లు మూసుకునే నవ్వాడు. నాకూ అక్కడే కునుకు పట్టింది. నా కలలోకి మన డాబా మెట్లొచ్చాయి. మెట్ల మీద ఎవరివో తడి బట్టలు ఒక్కొక్కటీ జారిపోతున్నాయి, నేను ఏరుకుంటూ ఎంత ఎక్కినా పైకి చేరట్లేదు. మెట్లే ఎందుకొచ్చాయో నాకు తెలుసు. చెప్పగలిగితే ఎప్పుడైనా చెప్తాను.

మర్నాడు అవి నిద్ర లేచాయి. ఏం ఆకలి నాన్నా! వాన మళ్లీ మొదలై కుండపోతైంది. ఇంత వేస్తే ఇంతా తినేసి తలలెత్తి ఇంకేదీ అని అడుగుతాయి. కోసి, మోసి, వేసి మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక చెడ్డది. మొన్న సాయంత్రం ఆకు కుప్ప దగ్గర దోమలు పీక్కుతింటుంటే ఆగలేక క్రీము తీసి కాళ్లకీ చేతులకీ రాసుకున్నాను. అంతలోనే పిన్ని "ఒసేయ్ పిల్లా, రెండో అరకి కాస్త ఆకెయ్యవే, నా చేతులు ఖాళీ లేవు" అని కేకేసింది. రెండు చేతులతో గంప పట్టుకున్నాను. కాళ్లు అలవాటుగా తొట్టిలో ముంచాను. చేతుల సంగతి మరిచిపోయాను. మరిచిపోయాననే రాద్దామనుకున్నాను గానీ అబద్ధం. కుళాయి చూశాను. రెండు తట్టలేగా, ఏమవుతుందిలే అనుకున్నాను.

తెల్లారేసరికి ఆ రెండు తట్టల్లో పురుగులు తలలు అటూ ఇటూ ఊపుతూ పచ్చటి నీళ్లు కక్కుకుంటున్నాయి. మధ్యాహ్నానికి ఒక్కటి మిగల్లేదు. పిన్ని తట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. "పొగాకు తగిలితేనే ఇలా అవుతాయి" అన్నాడు బాబాయ్. ఎవరూ తాతవైపు చూడకూడదనుకుంటూనే చూశారు. ఆయన మెల్లగా నడుం దగ్గర మడతలోంచి చిన్న పొడుం డబ్బా తీసి పీట మీద పెట్టాడు. "ఇది ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. మూత తియ్యలేదనే అనుకుంటున్నా. ఏమో, తీశానేమో. కునికిపాట్లలో తీశానేమో. నేనే అయ్యుంటా" అన్నాడు. లేచి బయటికెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఆ గదిలో అడుగు పెట్టలేదు. వసారాలోనే తింటున్నాడు, వసారాలోనే కూర్చుంటున్నాడు. గోడకి అటువైపు చెవి ఆనించి ఉండటం రెండుసార్లు చూశాను.

నేను నోరు విప్పలేదు నాన్నా. పిన్ని "నువ్వేమైనా చూశావా?" అనడిగితే నీళ్లు నమిలాను. చెప్తే వెళ్లగొడతారని భయం, మేడమ్‌కి తెలుస్తుందని భయం. అంతకంటే, రోజూ నా పళ్లెంలో అడక్కుండా రెండోసారి వడ్డించే మనిషి మొహం మారిపోవడం చూడాల్సొస్తుందని భయం. రేపు చెప్తాను. తప్పకుండా చెప్తాను.

వాగుడుకాయ
(ఇప్పుడు వాగటం లేదు)


నాన్నా,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుకో. అమ్మకివ్వకు. కళ్లజోడు దొరక్కపోతే దొరికేదాకా దాచుకో.

రేపు అన్నది మూడోరోజుకి వచ్చింది. ఇవాళ పొద్దున్నే బాబాయ్‌కీ పిన్నికీ మాటామాటా పెరిగింది. ఈ దశలో పురుగులు ఏ గంటకో తినడం మానేస్తాయట. అప్పుడు వాటిని ఏరి చంద్రికల మీదికి చేర్చాలి. చంద్రిక అంటే వెదురు చాప మీద పాయలు పాయలుగా చుట్టలు తిప్పిన పెద్ద పళ్లెం లాంటిది, ఆ సందుల్లో అవి గూళ్లు కట్టుకుంటాయి. తొందరపడి ఏరితే గూడు పలచనైపోతుంది, ఆలస్యమైతే చెత్తలోనే దారం కక్కేసి పనికిరాకుండా పోతాయి. "ఇంకా ఒక పూట ఆకెయ్యాలి" అంటాడు బాబాయ్. "కాదు, ముదిరిపోతున్నాయి" అంటుంది పిన్ని. ఇద్దరూ గోడవైపు చూస్తారు. గోడకి అటు తాత ఉన్నాడు. పిలిస్తే "నా చేతులతో ఇంకో తట్ట చంపించకండి" అన్నాడట.

ఇక నావల్ల కాలేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న పిన్ని ముందు నిలబడి క్రీము గొట్టం చూపించాను. మొత్తం చెప్పేశాను, కుళాయి చూసి కూడా కడుక్కోలేదన్న ముక్కతో సహా. నీళ్లు అలాగే పారుతున్నాయి. పిన్ని కుళాయి కట్టేసింది. "పురుగులు పోతే మళ్లీ తెచ్చుకుంటామే. మూడు రోజుల్నుంచి ఆ ముసలాయన వసారాలో ఎంగిలిపడుతుంటే ఎలా చూశావే?" అంది. తిట్టినా బాగుండేది. చెయ్యి పట్టుకుని తాత దగ్గరికి లాక్కెళ్లింది. "నీ నోటితో నువ్వే చెప్పు" అంది.

చెప్పాను. దగ్గరికి తీసుకుంటాడనుకున్నావా? ఒక్క ఉదుటున లేచాడు. "మూడ్రోజులు! నా మీద నాకే అసహ్యం పుట్టేట్టు చేశావు కదే! తిన్నది ఒంటబట్టలేదు, కళ్లు మూస్తే అవే తలలూపుతూ కనిపించాయి!" అని అరుగదిరిపోయేలా అరిచాడు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన డబ్బా తీసి నా చేతిలో పెట్టి మూత తియ్యమన్నాడు. ఖాళీ! ఆరేళ్లనుంచీ ఖాళీయేనట. వాసన చూసుకోవడానికి దాచుకున్నాడు. "ఖాళీ డబ్బా అని నాకు తెలుసు. అయినా నేనే చేశానని నమ్మేశా. ఎవరూ ఒప్పుకోకపోతే ఇంట్లో పెద్దాడు ఇలాగే నమ్మేస్తాడే పిచ్చిదానా" అన్నాడు. గొంతు తగ్గింది. తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని, కాళ్లు తొట్టిలో ముంచి, చేతులు మోచేతులదాకా కడుక్కుని లోపలికెళ్లాడు.

పీట మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మేం ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. వాన పడుతూనే ఉంది, కానీ పలచబడిందని నాకు కూడా వినిపించింది, ఒక మూల మొదలై నెమ్మదిగా ఇంకో మూలకి. "ఇక ఆకెయ్యకండి. చంద్రికలు దించండి" అన్నాడు. ఒక పురుగుని తీసి కిటికీ వెలుతురుకి పట్టి నాకు చూపించాడు. పచ్చగా ఉండేది కాస్తా పండిన ద్రాక్షలా లోపలిదంతా కనిపిస్తోంది. పొద్దుగూకేదాకా ఏరాం. నా చేతులు తాత మూడుసార్లు వాసన చూశాడు. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం. చంద్రికల మీద ప్రతి పురుగూ తల ఊపుతూ కంటికి ఆననంత సన్నటి దారం తన చుట్టూ తనే చుట్టుకుంటోంది. ముందు పల్చటి పొగలా ఉంటుంది, చూస్తుండగానే లోపలిది కనపడకుండా పోతుంది. నాకు ఇదంతా నిద్రలో జరుగుతున్నట్టే ఉంది.

అందుకే ఈ ధైర్యం ఉండగానే రాసేస్తున్నాను. నాన్నా, నాలుగేళ్ల కింద అమ్మ డాబా మెట్ల మీంచి పడ్డ రోజు నీ పనిముట్ల పెట్టె మూడో మెట్టు మీద పెట్టింది నువ్వు కాదు. నేను. మెట్ల కింద నా సైకిలుకి అడ్డంగా ఉంటే ఎత్తి మెట్టు మీద పెట్టాను. ట్యూషన్‌కి టైమైపోతోందని అలాగే వదిలేసి పోయాను. తిరిగొచ్చేసరికి ఇంటినిండా జనం. అమ్మ తుంటి విరిగి, ఆరేసిన బట్టలు మెట్లనిండా చెల్లాచెదురై ఉన్నాయి. నువ్వు నెత్తి కొట్టుకుంటూ "నేనే పెట్టానేమో. గుర్తు లేదు. నేనే అయ్యుంటా" అంటున్నావు. అచ్చు తాత అన్న మాటే. మొన్న ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు నువ్వే ఎందుకు కనిపించావో ఇప్పుడు తెలిసిందా?

అప్పట్నుంచి పెట్టె ఇంట్లోకి తేవటం మానేశావు, షాపులోనే ఉంచుతున్నావు. చీకటి పడకముందే పని ఆపేసి ఇంటికొస్తున్నావు. అమ్మకి టీ నువ్వే పెడతావు, బట్టలు నువ్వే ఆరేస్తావు, వీధిలోవాళ్లు ఎగతాళి చేస్తే పళ్లికిలిస్తావు. అమ్మ మెట్లవైపు చూసినప్పుడల్లా నువ్వు తల దించుకోవడం నేను ప్రతిసారీ చూశాను. తాత మూడు రోజులకే అంత అరిచాడు. నీకు నాలుగేళ్లు. వచ్చేవారం ఇంటికి రావాలి. రమ్మంటేనే వస్తాను. వద్దంటే హాస్టల్లోనే ఉంటాను, నిజంగా.

నీ కూతురు


మా వాగుడుకాయకి,

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు ఆ ఊరు వదిలేస్తావని హాస్టల్‌కి రాస్తున్నాను.

నువ్వొక్కడివే చదువుకో, అమ్మకివ్వకు అన్న మాట నేనే పైకి చదివానే తల్లీ. ఏం చెయ్యను, మీ నాన్న కళ్లజోడు మీద మీ నాన్నే కూర్చున్నారు. "అయితే ఆపెయ్" అన్నారు. ఆపుతానా? ముసలాయన అరిచిన చోట ఇద్దరం నవ్వాం. ఖాళీ డబ్బా దగ్గర మీ నాన్న ముక్కు చీదుకున్నారు. ఇంకాస్త కిందికొచ్చి, మెట్ల మీద పెట్టె సంగతి కంటపడగానే చదవడం ఆపేశాను. "ఏమే, ఏం రాసింది?" అన్నారు. ఆ ఒక్క ముక్కా మింగేసి కిందికి దిగిపోవచ్చు, ఆయనకి తెలిసే దారి లేదు. చదివాను. అక్షరం వదలకుండా చదివాను. ఎందుకంటే ఆ పక్కనే నా దొంగతనం ఒకటుంది, నీదానికంటే పెద్దది.

విను. నేను ఆ పెట్టె తట్టుకుని పడలేదు. దానికి నా కాలు తగలనే లేదు. ఆ రోజు బట్టల మూట పట్టుకుని పైనుంచి దిగుతుంటే మొదటి చినుకులు పడ్డాయి. మట్టి వాసన గుప్పుమంది. పదేళ్లప్పుడు మా ఇంటి మెట్లు మూడేసి చొప్పున గెంతేదాన్ని. ఏం పుట్టిందో బుద్ధి, నలభై ఏళ్లదాన్ని, చీర కుచ్చిళ్లు పైకెత్తి, మూటతో సహా మూడు మెట్లు ఒక్క గెంతులో దిగబోయాను. గాల్లో ఉన్న ఆ కాసేపూ ఎంత బాగుందో నీకు చెప్పలేను. పడింది పై మెట్ల దగ్గరే, మలుపులో. ఆ పెట్టె ఇంకా అయిదారు మెట్ల కింద ఉంది, నేను దొర్లుకుంటూ దాని పక్కకొచ్చి పడేసరికి అందరూ అదే తట్టుకున్నాననుకున్నారు. స్పృహ వచ్చేసరికి మీ నాన్న అందరి ముందూ నేనే, నేనే అంటున్నారు. గెంతానని చెప్పడానికి సిగ్గేసింది. రేపు చెబుదాంలే అనుకున్నాను, నీలాగే. మర్నాడు ఆయన టీ పెట్టి తెచ్చి మంచం పక్కన కూర్చున్నారు. పెళ్లైన ఇన్నేళ్లలో పొద్దున్నే ఆయన నా పక్కన అలా కూర్చోవడం అదే మొదలు. ఇంకో రోజు కూర్చోనీ అనుకున్నాను. అలా అనుకుంటూ అనుకుంటూ నాలుగేళ్లు. ఆయన తల దించుకోవడం నేనూ చూశానే. చూసి కూడా ఊరుకున్నాను.

ఇదంతా ఆయనకి చెప్పేశాను. చెప్పులేసుకుని బయటికెళ్లిపోయారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. గంట తరవాత షాపునుంచి ఆ పెట్టె మోసుకొచ్చి, మెట్ల కింద పాత చోట పెట్టి, "ఏమే, ఇలా రా. ఏ మెట్టు మీంచి గెంతావో చూపించు" అన్నారు. నాలుగేళ్ల తరవాత మెట్లెక్కాను. ఆయన చెయ్యి వదల్లేదు. మలుపు దగ్గర నిలబడి చూపించాను. "ఇంత ఎత్తా!" అన్నారు. నోరెళ్లబెట్టి చూసి, తరవాత పడీపడీ నవ్వారు. కళ్లు తుడుచుకున్నారు. కోపం లేదా అంటే ఉంది. "రెండ్రోజులు నాతో మాట్లాడకు" అని చెప్పి మరీ అలిగారు. నేను ఆయన అలకకి అర్హురాలినే. మర్నాడు పొద్దున లేస్తారా లేవరా అని కళ్లు మూసుకుని పడుకుని విన్నాను. వంటింట్లో గిన్నె చప్పుడైంది. టీ తెచ్చి పక్కన పెట్టారు, మాట్లాడలేదు, కూర్చున్నారు.

వచ్చేవారం కాదు, రేపే బయల్దేరు. రమ్మంటేనే వస్తానంటావా? వచ్చాక వీపు విమానం మోత మోగిస్తాను. ఆ ఊరినుంచి ఒక పట్టుగూడైనా తెచ్చుకునే ఉంటావుగా, వచ్చేటప్పుడు పట్రా, ఇద్దరం చూస్తాం. కింద మీ నాన్న ఏదో రాస్తానంటే చోటు వదిలాను. కళ్లజోడు కాడ విరిగింది, ఒక చేత్తో పట్టుకుని రాస్తున్నారు, ఎలా ఉన్నా చదువుకో.

మీ అమ్మ

అమ్మలూ,
తప్పకుండా రా. ఆ తాతగారికి నా మాటగా ఒక ఉత్తరం ముక్క రాయి. నువ్వు చిన్నపిల్లవి, నీకేం తెలుసు. ఆ క్రీము కొని సంచిలో పెట్టింది నేనే. తప్పు నాదేనని చెప్పు.
నాన్న